పిల్లలతో, పెద్దలతో సముద్రానికి: మన తీరంలో ఎవరికి ఏ బీచ్?

సముద్రానికి వెళ్దామని ఇంట్లో అనుకోగానే అందరూ ఫోనులో ఫొటోలు చూడడం మొదలుపెడతారు. నీలిరంగు నీళ్లు, పక్కన ఒక కొండ, రెండు కొబ్బరిచెట్లు కనిపిస్తే చాలు, అక్కడ గది బుక్ అయిపోతుంది. స్నేహితులు ఇద్దరు ముగ్గురు వెళ్లే ప్రయాణానికి ఇబ్బంది లేదు. నాలుగేళ్ల పాప, పదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ కలిసి వెళ్లేటప్పుడు మాత్రం ఫొటో చూసి నిర్ణయించుకోకూడదు. లోతు ఫొటోలో కనిపించదు. ఒడ్డున కాపలా ఉన్నదీ లేనిదీ తెలియదు. తడిసిన బట్టలు మార్చుకోవడానికి ఆడవాళ్లకు ఒక గది ఉందో లేదో అంతకన్నా తెలియదు.

కుటుంబంతో వెళ్లేవారు ముందు ఒడ్డు వాలు చూడాలి. తర్వాత కాపలా, ఆ తర్వాత మరుగుదొడ్డి, మంచినీళ్లు, నీడ. అందం చివర చూడవచ్చు. ఈ వరుస తారుమారైన చోటే సెలవు పాడవుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. మన తీరంలో ఏటా జరిగే ప్రమాదాల వార్తలు చదివితే చాలావాటిలో ఒకే తీరు కనిపిస్తుంది: సెలవు రోజు, గుంపుగా వచ్చినవారు, మోకాలి లోతే కదా అని దిగినవారు, కాపలా లేని చోటు.

శ్రీకాకుళం నుంచి తిరుపతి జిల్లా దాకా దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. తెలంగాణకు తీరం లేకపోయినా, హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి సముద్రం చూడవచ్చు. ఇంత పొడవైన తీరం అంతా ఒక్కలా ఉండదు. ఎంపికకు అసలు తాళంచెవి ఈ తేడాలోనే ఉంది.

కొండల తీరం, డెల్టా తీరం

విశాఖపట్నం దగ్గర తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చేశాయి. అక్కడ ఒడ్డు ఒక్కసారిగా కిందికి దిగుతుంది. అల ఒడ్డుకు బాగా దగ్గరగా వచ్చి విరుగుతుంది, విరిగిన నీరు అంతే బలంగా వెనక్కి లాగుతుంది. చీలమండల లోతులో నిలబడితేనే పాదాల కింది ఇసుక జారిపోతుంది. మడమలు గుంటలోకి దిగుతాయి, ముందుకు తూలినట్టవుతుంది. పెద్దవాళ్లకు అది సరదా. ఇరవై కిలోల బరువు లేని పిల్లకు అది కింద పడడమే, పడ్డాక తర్వాతి అల వచ్చేలోపు లేవలేకపోవడమే.

కృష్ణా, గోదావరి డెల్టాల దగ్గర కథ వేరు. నదులు వేల ఏళ్లుగా తెచ్చి పోసిన మట్టి, సన్న ఇసుక వల్ల సముద్రపు అడుగు చాలా నెమ్మదిగా దిగుతుంది. అలలు దూరంలోనే విరిగి, ఒడ్డుకు వచ్చేసరికి నీరసిస్తాయి. కానీ అదే మట్టి వల్ల నీళ్లు గోధుమ రంగులో ఉంటాయి, ఫొటోకు అందం రాదు. అంటే మన తీరంలో చాలావరకు నీళ్లు నీలంగా మెరిసే చోట లోతు దగ్గర్లో ఉంటుంది, మట్టి రంగులో ఉన్న చోట మెరక ఉంటుంది. పసిపిల్లలున్న ఇంటికి నేను మట్టి రంగు నీళ్లనే సూచిస్తాను, ఎవరు ఎంత పెదవి విరిచినా సరే.

విశాఖ: చూడడానికి అన్నీ, దిగడానికి ఒకటి

విశాఖలో బీచ్‌లన్నిటినీ ఒకే గాటన కట్టి 'వైజాగ్ బీచ్' అనేయడం వల్లనే చాలామంది పొరపడతారు. నగరం నడిబొడ్డున ఉన్న రామకృష్ణా బీచ్ సాయంత్రం నడకకు, మురీ మిక్చర్ తినడానికి, పిల్లలకు ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి చూపించడానికి మంచి చోటు. 2002 నుంచి ఆ జలాంతర్గామి ఒడ్డునే మ్యూజియంగా ఉంది. ఎదురుగా టీయూ-142 యుద్ధవిమానం కూడా ఉంది. జలాంతర్గామి లోపలి నడవ బాగా ఇరుకు కాబట్టి మోకాళ్లు పట్టేసినవారు బయటే కూర్చుంటే నయం. సోమవారం మ్యూజియానికి సెలవు.

అక్కడ నీళ్లలో దిగడం మాత్రం వద్దు. 1970లలో ఔటర్ హార్బర్ కట్టినప్పటి నుంచి తీరం వెంబడి ఇసుక సహజంగా కదిలే దారికి అడ్డం పడింది. కోసుకుపోయిన ఒడ్డును నిలబెట్టడానికి పోర్టువారు తవ్వి తీసిన ఇసుకను తెచ్చి పోస్తుంటారు. అందుకే అక్కడ ఒడ్డు రూపం నెలనెలా మారుతుంది. కిందటి ఏడాది మీరు దిగిన చోట ఈసారి ఎంత లోతు ఉందో ఎవరూ చెప్పలేరు. రాళ్లు కూడా ఉన్నాయి. పాదాలు తడుపుకోవడంతో సరిపెట్టుకోండి.

నీళ్లలో దిగాలనుకునే కుటుంబాలకు విశాఖలో నేను చెప్పే పేరు ఋషికొండ ఒక్కటే. నగరం మధ్య నుంచి భీమిలి దారిలో పది కిలోమీటర్లకు కాస్త పైన. 2020లో దేశంలో మొదటిసారి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఎనిమిది బీచ్‌లలో ఇది ఒకటి. డెన్మార్క్ కేంద్రంగా పనిచేసే ఒక సంస్థ 33 ప్రమాణాలు చూసి ఈ గుర్తింపు ఇస్తుంది: నీటి నాణ్యత పరీక్షలు, శుభ్రత, ప్రాణరక్షకులు, ప్రథమ చికిత్స, దుస్తులు మార్చుకునే గదులు, చక్రాల కుర్చీలో వచ్చేవారికి దారి వంటివి. కుటుంబానికి కావలసినవి సరిగ్గా ఇవే కాబట్టి ఆ జెండాకు నేను విలువ ఇస్తాను. అయితే అది ఒకసారి వస్తే శాశ్వతంగా ఉండేది కాదు. 2025 తొలినాళ్లలో నిర్వహణ సరిగా లేదని ఋషికొండకు ఆ గుర్తింపు ఆగిపోయింది, లోపాలు సరిదిద్దాక తిరిగి వచ్చింది. మీరు వెళ్లే నాటికి జెండా ఎగురుతోందో లేదో చూసుకోండి.

ఇంకొకటి కూడా గమనించాలి. ఆ గుర్తింపు తీరం మొత్తానికి వర్తించదు, హద్దులు గీసిన కొంత భాగానికే. ప్రాణరక్షకుల చూపు కూడా ఆ హద్దుల లోపలే ఉంటుంది. జనం తక్కువగా ఉందని పక్కకు నడిచి దిగితే మీరు మామూలు కొండల తీరంలో దిగినట్టే. హద్దుల లోపల కూడా అలల బలం తక్కువేమీ కాదు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు, పక్కనే ఒక పెద్ద మనిషి ఉంటే నడుము లోపు నీళ్లలో హాయిగా ఆడుకోవచ్చు. అంతకన్నా చిన్నవాళ్లకు అల వచ్చి ఆగే గీత దగ్గర, చెయ్యి పట్టుకుని మాత్రమే.

యారాడ గురించి ఎవరడిగినా నేను చెప్పేది ఒకే మాట: చూసి రండి, దిగకండి. డాల్ఫిన్ నోస్ కొండ వెనక, పచ్చదనం మధ్య, విశాఖ బీచ్‌లలో అన్నిటికన్నా అందంగా ఉంటుంది. నీటి లాగుడు అంత బలంగానూ ఉంటుంది. అక్కడ జరిగిన ప్రమాదాలు తక్కువేమీ కావు. పిల్లలు "ఇంత దూరం వచ్చి దిగొద్దా?" అని మారాం చేస్తారు కాబట్టి, చిన్నవాళ్లు ఉన్న కుటుంబం అసలు వెళ్లకపోతేనే ఇంటిల్లిపాదికీ ప్రశాంతం.

భీమిలి మరో రకం. గోస్తని నది సముద్రంలో కలిసేది ఇక్కడే. పాత లైట్‌హౌస్, డచ్చివారి సమాధులు, దారిలో ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ బౌద్ధ క్షేత్రం... నీళ్లంటే ఆసక్తి లేని పెద్దవాళ్లకు రోజంతా తీరిగ్గా గడిచే చోటు. నది కలిసే చోటుకు మాత్రం పిల్లలను వెళ్లనివ్వకండి. పైకి ప్రశాంతంగా కనిపించినా అక్కడ పోటు సమయంలో ఒక దిక్కుకు, పాటు సమయంలో మరో దిక్కుకు నీరు లాగుతుంది. ఈ హెచ్చరిక మన తీరంలోని ప్రతి నదీముఖానికీ వర్తిస్తుంది. అంతర్వేది దగ్గర వశిష్ఠ, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ, అన్నిచోట్లా ఇదే.

బాపట్ల, చీరాల: హైదరాబాద్ కుటుంబాలకు నా మొదటి మాట

హైదరాబాద్ నుంచి కారులో అయితే నార్కట్‌పల్లి, అద్దంకి మీదుగా మూడు వందల కిలోమీటర్లకు కొంచెం పైన. తెల్లవారుజామున బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి ముందే చేరతారు. రైలు కావాలంటే బాపట్ల, చీరాల రెండూ విజయవాడ–చెన్నై ప్రధాన మార్గంలోనే ఉన్నాయి. బాపట్ల ఊరి నుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. పిల్లలు కారులో నలిగిపోకుండా ఒక శని, ఆదివారాల్లో వెళ్లి రాగలిగిన మంచి తీరం హైదరాబాద్ వారికి ఇదే.

సూర్యలంకలో ఒడ్డు వెడల్పు, ఇసుక సన్నన, వాలు తక్కువ. నీళ్లు మరీ మట్టిగా ఉండవు, మరీ నీలంగానూ ఉండవు. అల విరిగాక చాలా దూరం పలచగా పరుచుకుంటుంది. ఆ పలచని నీటిలో మూడేళ్ల పిల్ల కూడా కూర్చుని ఇసుక గూళ్లు కట్టుకోగలదు. వెనక సరుగుడు చెట్ల నీడ ఉంది. పర్యాటక శాఖ హరిత రిసార్ట్ ఒడ్డునే ఉండడం వల్ల చిన్నవాడికి నిద్ర వచ్చినా, తాతయ్యకు ఎండ తగిలినా రెండు నిమిషాల్లో గదిలోకి వెళ్లిపోవచ్చు. కుటుంబంతో వెళ్లినప్పుడు ఈ ఒక్క సదుపాయం ఎంత ఊరటో, గదికి నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఒడ్డున తడి బట్టలతో ఏడ్చే పిల్లను సముదాయించినవారికి తెలుస్తుంది.

అయినా సూర్యలంకను పూర్తిగా నమ్మి పిల్లలను వదిలేయకూడదు. మెరక తీరంలో ప్రమాదం వేరే రూపంలో ఉంటుంది. ఒడ్డుకు సమాంతరంగా నీళ్ల కింద ఇసుక తిన్నెలు ఏర్పడతాయి, తిన్నెకూ తిన్నెకూ మధ్య గుంటలు ఉంటాయి. మోకాలి లోతులో ముందుకు నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగులో ఛాతీ లోతుకు దిగిపోతారు. నాలుగడుగులు వేస్తే మళ్లీ మోకాలి లోతు వస్తుంది. అక్కడ దూరంగా నిలబడ్డ వారిని చూసి 'అంత దూరం వెళ్లినా లోతు లేదు' అని మిగతావాళ్లు కూడా బయలుదేరతారు. సూర్యలంకలో, రామాపురంలో ప్రాణాలు పోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. అలాంటిది జరిగినప్పుడు పోలీసులు కొన్నాళ్లపాటు తీరానికి వెళ్లనివ్వరు కూడా. బయలుదేరే ముందు ఒకసారి ఫోను చేసి కనుక్కోవడం అవసరం.

చీరాల వైపు వాడరేవు, రామాపురం ఉన్నాయి. రామాపురంలో ప్రైవేటు రిసార్టులు ఎక్కువ, కొన్నిటికి ఈతకొలను ఉంది. సముద్రం మీద కోరిక ఒక గంటలో తీరిపోయి, మిగతా రోజంతా నీళ్లలో గడపాలనుకునే పిల్లలకు ఈ ఏర్పాటు చాలా బాగుంటుంది. అద్దె ఎక్కువైనా, సముద్రంలో గడిపే సమయం తగ్గడమే తల్లిదండ్రులకు పెద్ద లాభం.

వాడరేవు మాత్రం మత్స్యకారుల ఊరు, వారి పనిచోటు. పొద్దున్నే పడవలు ఒడ్డుకు వచ్చే వేళ వెళితే పిల్లలు ఆశ్చర్యంతో చూస్తుండిపోతారు: వల దులపడం, బుట్టల్లో వెండిలా మెరిసే చేపలు, ఇసుక మీదే బేరాలు. ఆ సమయంలో ఆ ఒడ్డు మీద చెప్పులు లేకుండా నడవనివ్వకండి. తెగిన నైలాన్ తాళ్లు, గాలాలు, ఎండిన చేపముళ్లు ఇసుకలో కలిసి ఉంటాయి. పడవ లాగుతున్న తాడును పిల్లలు దాటకూడదు, ఫొటో కోసం పడవ ఎక్కించకూడదు. చూడడానికి వాడరేవు, ఆడుకోవడానికి సూర్యలంక అని రెండూ కలిపి పెట్టుకుంటే రెండు రోజులు ఇట్టే గడిచిపోతాయి. బాపట్లలో భావనారాయణ స్వామి గుడి ఉంది కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ప్రయాణం నచ్చుతుంది.

మంగినపూడి, కాకినాడ, మిగతావి

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి చివరికి మచిలీపట్నంలోనే ముగుస్తుంది. అక్కడి నుంచి మంగినపూడి పది, పన్నెండు కిలోమీటర్లు. విజయవాడ, గుంటూరు, ఏలూరు వారికి పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి చేరే దూరం. అసలైన డెల్టా తీరం ఇది: నల్లటి మట్టి, మెరక నీళ్లు. కాలు వేస్తే వేళ్ల సందుల్లోకి మెత్తటి బురద వస్తుంది, కొన్నిచోట్ల రబ్బరు చెప్పు ఉన్నచోటే ఉండిపోయి కాలు ఒక్కటే పైకి వస్తుంది. శుభ్రంగా ఇసుకలో ఆడాలనుకునే పిల్లలకు నచ్చకపోవచ్చు. అలలంటే భయపడే పిల్లలకు, చీర కుచ్చెళ్లు కాస్త పైకి పట్టుకుని నీళ్లలో నిలబడాలనుకునే అమ్మమ్మలకు ఇదే సుఖం. స్నానం అయ్యాక ఒళ్లు కడుక్కోవడానికి మంచినీళ్లు కావాలి కాబట్టి కారులో రెండు పెద్ద డబ్బాలు పెట్టుకుని వెళ్లండి. చిలకలపూడి పాండురంగస్వామి గుడి, పెడన కలంకారీ అద్దకం, తిరుగు దారిలో బందరు లడ్డూ. నీళ్లలో గంటే గడిపినా ప్రయాణం వృథా కాదు.

కాకినాడకు వెళ్లేవారు సముద్రస్నానం మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది. ఉప్పాడ వైపు సముద్రం ఊరినే కోసుకుపోతోంది, రోడ్డు మీదికి అలలు వచ్చిపడుతుంటాయి. అక్కడ కుటుంబానికి దొరికే గొప్ప సంగతి కోరంగి మడ అడవులు. చెట్ల మధ్య చెక్కల వంతెన మీద నీడలో నడుస్తూ, బురదలో ఎర్ర పీతలు, నేలలోంచి పైకి పొడుచుకు వచ్చిన వేర్లు చూడవచ్చు. చక్రాల బండిలో పసిబిడ్డ ఉన్నా, చేతికర్రతో తాతయ్య ఉన్నా ఇబ్బంది ఉండదు. నీళ్లలో దిగకుండానే సముద్రతీరపు సెలవు కావాలనుకునేవారు కాకినాడను ఎంచుకోవచ్చు.

నరసాపురం దగ్గరి పేరుపాలెం, నెల్లూరు దగ్గరి మైపాడు చుట్టుపక్కల ఊళ్ల వారికి ఒక పూట విహారానికి బాగుంటాయి. వీటికోసం హైదరాబాద్ నుంచి ప్రత్యేకంగా పిల్లలను తీసుకెళ్లమని మాత్రం చెప్పను. కళింగపట్నం, బారువ ప్రశాంతంగా, జనం లేకుండా ఉంటాయి. ఆ ప్రశాంతతకు అర్థం ఆపదలో పిలిస్తే పలికేవారు కూడా తక్కువని. పెద్ద పిల్లలున్నవారు ఒడ్డున నడవడానికి, సూర్యోదయం చూడడానికి వెళ్లవచ్చు.

పొరుగు రాష్ట్రాలకు వెళ్లాలనుకుంటే

పూరీ యాత్రకు వెళ్లే తెలుగు కుటుంబాలు ఎన్నో. అక్కడి గోల్డెన్ బీచ్‌కు కూడా బ్లూ ఫ్లాగ్ ఉంది. అలలు మాత్రం మన విశాఖకు ఏమీ తీసిపోవు. అయితే పూరీలో ఒక గొప్ప సదుపాయం ఉంది. యాత్రికులను చెయ్యి పట్టుకుని స్నానం చేయించి ఒడ్డుకు తెచ్చే నూలియాలు తరతరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు మత్స్యకారులే. కోసుగా ఉండే టోపీ చూసి గుర్తుపట్టవచ్చు. తెలుగులోనే మాట్లాడి, ముందే డబ్బు సంగతి తేల్చుకుని, వారు చెప్పిన చోటే, చెప్పినంత సేపే దిగండి. పెద్దవాళ్ల సముద్రస్నానానికి ఇంతకన్నా నమ్మకమైన ఏర్పాటు నాకు తెలిసి మరొకటి లేదు.

చెన్నై మెరీనాలో స్నానం నిషేధం, అది తిరగడానికే. నిజంగా పిల్లలకు సముద్రంలో ఈత సరదా చూపించాలంటే, ఖర్చు భరించగలిగితే, దక్షిణ గోవాలోని పాలోలెం మంచి ఎంపిక. రెండు వైపులా కొండకొమ్ములు ఉండడం వల్ల అర్ధచంద్రాకారపు ఆ ఒడ్డులో అలల జోరు తగ్గుతుంది, వాలు తక్కువ, పగటిపూట ప్రాణరక్షకులు ఉంటారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాత్రం పశ్చిమ తీరం అంతా రుతుపవనాల ఉధృతిలో ఉంటుంది. ఆ నెలల్లో చౌకగా దొరికే గదులు చూసి పిల్లలతో గోవా వెళితే కిటికీలోంచి వాన చూసి రావడమే అవుతుంది.

ఏ నెలలో

మన తీరానికి జనవరి, ఫిబ్రవరి, మార్చి మొదటి సగం మేలైన రోజులు. సంక్రాంతి సెలవులు ఇందులోనే వస్తాయి. కనుమ, ముక్కనుమ రోజుల్లో ఒడ్డున ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు కాబట్టి, వీలైతే మరుసటి వారాంతానికి మార్చుకోండి.

వేసవి సెలవులు తప్పవు అనేవారు మేలో ఉదయం ఎనిమిదిన్నర లోపు ఆటలు ముగించాలి. ఐదున్నరకే తెల్లవారుతుంది కాబట్టి మూడు గంటల సమయం దొరుకుతుంది. తెల్లవారుజామున గాలి తరచుగా నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఆ వేళ గాలి నింపిన రబ్బరు ట్యూబులు, బాతు బొమ్మలు నీళ్లలోకి తీసుకెళ్లనివ్వకండి. గాలి వాటిని పిల్లతో సహా లోపలికి తోసుకుపోతుంది. సాయంత్రం వెళ్తే, మనది తూర్పు తీరం కాబట్టి పొద్దు వెనక నేల మీదికి వాలుతుంది, నీళ్లు త్వరగా చీకటి పడతాయి. ఐదున్నరకల్లా పిల్లలు నీళ్లలోంచి బయటికి రావాలి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా అలలు ఎత్తుగా ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. కార్తీక పౌర్ణమి సముద్రస్నానాలు ఈ కాలంలోనే వస్తాయి. పుణ్యస్నానానికి వెళ్లే పెద్దలను ఆపడం సాధ్యం కాదు, ఆపనక్కర్లేదు కూడా. ఆ రోజు సూర్యలంక, మంగినపూడి లాంటి చోట్ల పోలీసులు, గజ ఈతగాళ్లు ఉంటారు. వారు కట్టిన తాళ్ల లోపలే మూడు మునకలు వేసి వచ్చేస్తే చాలు. పసిపిల్లలను మాత్రం ఆ తొక్కిసలాటలోకి తీసుకెళ్లవద్దు.

బయలుదేరే ముందు రోజు వాతావరణ శాఖ సూచనతోపాటు, హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల హెచ్చరిక కూడా చూడండి. వాన లేదు, గాలి లేదు, ఆకాశం నిర్మలంగా ఉంది, అయినా వేల కిలోమీటర్ల దూరంలో, దక్షిణ మహాసముద్రంలో పుట్టిన ఉప్పెన అలలు ఏప్రిల్, మే నెలల్లో మన తీరాన్ని తాకుతుంటాయి. ఒడ్డున నిలబడి చూస్తే అర్థంకాని ఈ ప్రమాదాన్ని ఆ హెచ్చరిక ముందే చెబుతుంది.

దిగే ముందు పది నిమిషాలు

ఏ బీచ్ ఎంచుకున్నా, వెళ్లగానే పిల్లలను ఆపి పది నిమిషాలు నీళ్లను చూడండి. అలలు వరుసగా తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒక్కచోట మాత్రం విరగకుండా, నీరు కాస్త ముదురు రంగులో, నున్నగా కనిపిస్తే అక్కడే రిప్ కరెంట్ ఉందని అనుమానించాలి. ఒడ్డుకు వచ్చిన నీరంతా ఆ సందులోంచి తిరిగి సముద్రంలోకి పోతుంది. అలలు లేవు కదా అని తల్లిదండ్రులు పిల్లలను సరిగ్గా అక్కడికే తీసుకెళ్లడం నేను చాలాసార్లు చూశాను, చెప్పి ఆపాను. సందేహంగా ఉంటే ఒక ఎండుకొమ్మ విసిరి చూడండి. అది ఒడ్డుకు రాకుండా లోపలికి సాగిపోతుంటే పక్కకు జరగండి.

పెద్దవాళ్లు అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలసిపోతారు. వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తి పిలవాలి. ఈత వచ్చినవారు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే కొంత దూరంలో లాగుడు తగ్గుతుంది. ఒకరిని కాపాడడానికి ఈత రాని మరో ఇద్దరు దూకడం వల్లే ఒకే ఇంట్లో ముగ్గురేసి పోయిన వార్తలు వస్తున్నాయి. అందుకే ఖాళీ ప్లాస్టిక్ డబ్బా మూత బిగించి ఒకటి, పొడవైన తాడు ఒకటి ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. తేలే వస్తువు విసరండి, మీరు దూకకండి.

మునిగిపోయే పిల్ల కేకలు వేయదు, చేతులు ఊపదు. నిశ్శబ్దంగా, నోరు నీటి మట్టానికి వచ్చి, క్షణాల్లో కిందికి పోతుంది. కాబట్టి 'అందరం చూస్తున్నాం' అనుకోకుండా, అరగంటకు ఒకరి చొప్పున పేరు పెట్టి కాపలా అప్పగించండి. ఆ అరగంట వారి చేతిలో ఫోను ఉండకూడదు. ఐదేళ్ల లోపు పిల్లలైతే చెయ్యి చాస్తే అందే దూరంలోనే ఉండాలి.

జెల్లీ చేప తగిలి మంట పుడితే ఇసుకతో రుద్దకండి, మంచినీళ్లు పోయకండి. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న పోగులను చేత్తో ముట్టుకోకుండా పట్టుకారుతో తీసేయండి. ఊపిరి ఇబ్బందిగా ఉంటే వెంటనే 108.

మరి మీకు ఏది?

ఐదేళ్ల లోపు పిల్లలున్నవారు, హైదరాబాద్ నుంచి వెళ్లేవారు సూర్యలంకను ఎంచుకోండి. ఒడ్డునే గది దొరకకపోతే తేదీ మార్చుకోండి కానీ ఊరు మార్చకండి. కృష్ణా, గుంటూరు వైపు ఉన్నవారికి ఒక్క పూట సరిపోతుందంటే మంగినపూడి. పిల్లలు పదేళ్లు దాటి, చూడవలసినవి కూడా కావాలంటే విశాఖ: బస నగరంలో, స్నానం ఋషికొండ హద్దుల్లో, సాయంత్రం రామకృష్ణా బీచ్‌లో. సికింద్రాబాద్ నుంచి వందే భారత్‌లో ఎనిమిదిన్నర గంటల ప్రయాణం, గోదావరి ఎక్స్‌ప్రెస్ అయితే రాత్రి పడుకుని తెల్లవారి లేవడమే. నడవలేని పెద్దవారు ఉన్న ఇంటికి భీమిలి దారి లేదా కాకినాడ. మూడు తరాలు కలిసి వెళ్తూ ఎవరినీ నిరాశపరచకూడదనుకుంటే ఈతకొలను ఉన్న రామాపురం రిసార్ట్ మంచిది, అక్కడ సముద్రానికి పొద్దున ఒక గంట చాలు.

గది బుక్ చేసేటప్పుడు ఫోనులో అడగవలసినవి కొన్ని ఉన్నాయి. గది నుంచి ఒడ్డుకు నడక ఎంత దూరం, మధ్యలో రోడ్డు ఉందా? ఒడ్డున ఈ వారం ప్రాణరక్షకులు ఉన్నారా, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా? తీరానికి వెళ్లనిస్తున్నారా, పోలీసు ఆంక్షలు ఏమైనా ఉన్నాయా? ఈతకొలనులో పిల్లలకు వేరే భాగం ఉందా, దాని లోతు ఎంత? కింది అంతస్తులో గది దొరుకుతుందా? రాత్రి కరెంటు పోతే జనరేటర్ ఉందా? దగ్గరి ఆసుపత్రి ఏ ఊళ్లో ఉంది, రాత్రి పూట డాక్టరు ఉంటారా? వీటికి తడబడకుండా సమాధానం చెప్పేవారి దగ్గరే డబ్బు కట్టండి.